పొలిమేర కట్టిన రోజు

వైశాఖం, ఆదివారం సాయంత్రం, నాచారంలో మా ఇల్లు. ఉన్నవారు: నేను, ఉప్పల్ నుంచి వచ్చిన మా అక్క యాదమ్మ, మర్నాటి బొడ్రాయి పండుగకు పిలవడానికి వచ్చిన మా తమ్ముడి కొడుకు శ్రీను. అతని చేతిలోని పళ్లెం నుంచి పసుపు, పచ్చి వేపాకు వాసన గదంతా నిండింది.

"అత్తా, ఆడబిడ్డలల్ల నువ్వే పెద్దదానివి. రేపు బొడ్రాయికి ముందుగాల నీళ్లు నువ్వే వొయ్యాలె."

"ఊరు సుత కడ్తరారా?" అంది అక్క.

"కట్టకుంటెట్ల? పొద్దుగూకేదాంక ఎవ్వలు రావద్దు, పోవద్దు."

"మెట్రోను గూడ ఆపుతవా?"

"మన గల్లీలే కడ్తం అత్తా, మెట్రోను మనమేడ ఆపుతం!" శ్రీను నవ్వాడు. అక్క నవ్వలేదు.

మా చిన్నప్పుడు ఊరు కట్టడం కష్టమైన పనేమీ కాదు. ఒక దిక్కు చెరువు, ఇంకో దిక్కు మల్లాపూర్ గుట్టలు, ఉప్పల్‌కు ఒక బండ్ల బాట, లాలాపేటకు ఒక కాలిబాట. ఊరి నడిబొడ్డున గ్రామదేవతగా నాటిన రాయి, ఆ బొడ్రాయికి నీళ్లు పోసి, ఆ రెండు బాటల మొదట్లో వేపమండల తోరణాలు కడితే ఊరు మూసుకున్నట్టే. జొన్నచేలు, కాపుల ఇళ్లు, గొల్లల మందలు రేపే దుమ్ము, కుమ్మరి ఆవం పొగ, ముంతల్లో పులిసిన కల్లు వాసన, ఇవన్నీ లోపల. చెరువు వెనక, మట్టిగోడల చర్చి చుట్టూ ఉన్న క్రైస్తవుల ఇళ్లు మాత్రం పొలిమేరకు అవతల. మిగతా రోజుల్లో అందరం ఒకరింటికొకరం నిప్పుకూ మజ్జిగకూ తిరిగేవాళ్లమే.

అలాంటి ఒక ఏడు అక్క తొలిచూలు పాపను చంకనేసుకొని అత్తగారింటి నుంచి పండుగకు వచ్చింది. కట్టిన ఊళ్లో ఏ రోగమూ తాకదని మా ఇంట్లో అందరి నమ్మకం. గారెలు కాలే నూనె వాసన, పరమాన్నంలో కరుగుతున్న బెల్లం, డప్పుల మోత, వీటి నడుమ మేం పిల్లలం గోళీలాడుతుండగా, మధ్యాహ్నానికి పాప ఒళ్లు కాలిపోసాగింది. చెరువు వెనక ఇళ్లలో ఉంటూ దవాఖానాలో నర్సుగా పనిచేసే మరియమ్మ ఆ కబురు విని లాలాపేట బాటలోని తోరణం దాకా వచ్చి, అవతలే నిలబడి చేతులు చాచింది.

"పోరినిటియ్యి యాదమ్మా, నేను దవాఖానాకు తీస్కపోత."

మా బాపు అడ్డం నిలిచాడు. కోపంతో కాదు, మనవరాలి మీది ప్రేమతోనే. "లోపలుంటేనే బిడ్డకు సల్లగుంటది. జర పొద్దుగూకనియ్యి."

అక్క అటు చూసింది, ఇటు చూసింది, పాపను ఒళ్లో పెట్టుకొని తోరణం కిందే కూలబడింది. మరియమ్మ కూడా అవతల నుంచి కదల్లేదు. పొద్దుగూకి తోరణం తెంపేసరికి పాపలో ప్రాణం లేదు.

ఇప్పుడు చెరువు ఒడ్డున అపార్ట్‌మెంట్లు, జొన్నచేలల్లో గోదాములు. ఊరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపించగలిగినవాళ్లు ఇద్దరం ముగ్గురం మిగిలాం. పాప మాట అక్క మళ్లీ ఎత్తలేదు, మేమూ ఎత్తనివ్వలేదు. ఆ ఆదివారం సాయంత్రం కూడా ఆమె పళ్లెంలోని బొట్టు పెట్టుకొని శ్రీనును దీవించింది; వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

మర్నాడు ఉదయం చూస్తే అక్క పడక ఖాళీ. ఫోన్ చేశాను.

"యాడున్నవక్కా? అందరు నీ కోసమే సూస్తున్రు."

"ఉప్పల్ల దిగిన. కట్టేసిన్రా?"

"ఇంకా లేదు."

"అయితే నువ్వు సుత బయటికి రా, తమ్మీ."

గల్లీ చివర శ్రీను స్టూలెక్కి వేపమండలు కడుతున్నాడు. "పెద్దబాపూ, ఇప్పుడు పోతే మల్ల పొద్దుగూకేదాంక రానియ్యరు," అన్నాడు.

నేను వంగి, తోరణం కింద నుంచి బయటికి నడిచాను.