అక్క ప్రయాణానికి ఐదు వోల్టులు

కోట అనే ఊరి దగ్గర ఒక రొయ్యల చెరువుకు నేను బిగించిన పెట్టె ఉంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే అది కనిపెట్టి, నీళ్లను చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లను తిప్పాలి. ఆ పెట్టెకు కరెంటు గట్టు మీది షెడ్డులో ఉంచిన లాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ వైరులో వస్తుంది. పెట్టె ఐదు వోల్టులు ఇస్తే రిలే అనే స్విచ్చు టక్కుమంటుంది, ఏరేటర్లు తిరుగుతాయి. ఆ రోజు రెండున్నర కూడా రావడం లేదు.

చెరువు ఒకావిడది. ఆమెను నేను అక్కా అంటాను. రొయ్య పిల్లను వదిలినప్పటి నుంచి గట్టు దాటి ఎక్కడికీ పోలేదు. ఆ రోజు మైపాడులో చెల్లెలి కూతురి పెళ్లి. పొద్దున ఎనిమిదింటికల్లా పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చి నా నెత్తిన కూర్చుంది. మబ్బు పట్టి ఉంది, రొయ్యలకు ఊపిరాడనిది ఇలాంటి రోజే. పెట్టె పనిచేస్తేనే ఆమె ఆటో ఎక్కేది.

"ముహూర్తం పదకొండుకు నాయనా. నీ పెట్టెకు చెప్పినావా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రిలే మార్చాను. ప్రోగ్రాం తీసేసి మళ్లీ వేశాను. పెట్టె చేసినవాళ్లను, అమ్మినవాళ్లను, చివరికి మబ్బును కూడా తిట్టాను. పెట్టెలోంచి బయటికి పోయే కరెంటుతో గంటన్నర పోట్లాడాక గానీ, లోపలికి వచ్చేది ఎంతో మీటరు పెట్టి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. చూస్తే కోత అక్కడే పడింది. యూఎస్‌బీ వైరు ఊడబీకాను. కొన నిండా నల్లటి గ్రీజు, కరెంటుకు అదే అడ్డం.

"ఇదెవరు పూశారక్కా?"

"నేనే పూసినా. ఉప్పుగాలికి తుప్పు పడతాది, జాగ్రత్తగా చూసుకోమని నువ్వే చెప్పినావు కదా. ఏరేటరు బోల్టులకు మాదిరే దీనికీ పూస్తా ఉండా."

చెప్పింది నేనే. జాగ్రత్త అన్నానే గానీ ఎలాగో చెప్పలేదు. ఈ గట్ల మీద జాగ్రత్త అంటే గ్రీజు డబ్బానే. దూదికి స్పిరిట్ అద్ది తుడిచాను. మీటరు ఐదుకు చేరింది, రిలే టక్కుమంది, ఏరేటర్లు నీళ్లు చిమ్మాయి.

అక్క ఆటో ఎక్కింది. నేను సంచి సర్దుకుంటుంటే తల బయటికి పెట్టింది.

"నువ్వు యాడికి? నేనొచ్చేదాకా ఈడనే ఉండు. నువ్వుంటే నాకు ధైర్యం."

కోపం రావాల్సింది, రాలేదు. ఇన్ని నెలల్లో ఆమె గట్టు దాటింది ఆ ఒక్క రోజే, అదీ నన్ను చూసుకుని. సాయంత్రం దాకా పది నిమిషాలకోసారి మీటరు పెట్టి చూస్తూనే ఉన్నాను, నా మీద నాకు ఆ ధైర్యం చాలక.