మా అత్త చెప్పిన మాట

సరోజినీ నగర్‌లో మా క్వార్టర్ మెట్ల కింద వీధికుక్క పిల్లల్ని పెట్టింది. "మమ్మా, కుతియా నే బచ్చే దియే!" అని హిందీలో అరుస్తూ మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"ఈనింది అనాలి తల్లీ" అన్నాను. అనగానే మిరియాల జున్ను వాసన గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా ఊళ్ళో గేదె ఈనితే వీధంతా జున్నుపాలు పంచేవాళ్ళం, మీకూ గుర్తుందా?

అలాంటి ఒకరోజు, పిల్లల్లేని మా మేనత్తని "అత్తా, నువ్వెప్పుడు ఈనుతావు?" అని అడిగేశాను. అమ్మ కొట్టడానికి చెయ్యెత్తింది. అత్త నన్ను ఒళ్ళోకి లాక్కుంది.

"మనుషులు ఈనరే పిచ్చిపిల్లా, కంటారు. కనడమంటే చూడడం కూడా. నిన్ను రోజూ చూస్తూనే ఉన్నాగా!"

అమ్మ చెయ్యి దించేసింది. ఆ తర్వాత ఎవరైనా "ఈ పిల్ల ఎవరమ్మాయి?" అని అడిగితే, అమ్మే అత్తని చూపించేది.