గాజుపెట్టె వెనక అర

బొంబాయి రోడ్డు మీద లారీ నడిపే రామ్‌కిషన్ జహీరాబాద్‌లో ఇల్లు చేరగానే ముందు భుజం మీంచి సముద్రపు నీళ్ల డబ్బా దించుతాడు. చెప్పులు విడవడం ఆ తర్వాతే. సముద్రం ఎన్నడూ చూడని భార్య భాగీరథి కోసం తెచ్చిన రెండు నారింజరంగు చేపలు ఆ ఉప్పునీళ్లు నింపిన గాజుపెట్టెలోనే బతికేవి. పెట్టె వెనక ఇరుకు అరలో స్పాంజి, బొగ్గు, గవ్వలు ఆమే పేర్చింది. చిన్న మోటరు నీళ్లను వాటిగుండా తిప్పేది. జిగట పట్టిన స్పాంజిని చూసి అతను ముఖం చిట్లిస్తే, "గా పాచి ఉంటెనే నీళ్లు మంచిగుంటయ్. దాన్ని తోమకయ్యా" అని నవ్వేది.

ఎనభై మూడు చలికాలంలో జ్వరమొచ్చి ఆమె పోయింది. మైల తీరే రోజున ఇల్లంతా కడుగుతూ, ఆమె వస్తువేదీ మురికిగా ఉండకూడదని రామ్‌కిషన్ ఆ అరను కూడా బావినీళ్లతో తళతళా తోమాడు. వారం తిరక్కముందే చేపలు రెండూ వెల్లకిలా తేలాయి.

ఇప్పటికీ డబ్బా దించుతాడు, మోటరు పెడతాడు, స్పాంజిని బొటనవేలితో తడిమి చూస్తాడు.

"చేపలే లేకపాయె, ఇంకెందుకు తమ్మీ గీ తిప్పలు?" అంది పక్కింటి అనంతమ్మ.

"జర పాచి పట్టనీ అక్కా," అన్నాడు తలెత్తకుండా. "ఆమె ఇడ్సిపోయినదంతా నా చేతులతోనే కడిగేసిన."