చెల్లసామి మామ సిలోన్ వాన

మా చెల్లసామి మామకు ఉన్నది ఒకటే జబ్బు. పోబోయే ఊళ్ళో వాన ఉందో లేదో తేలనిదే ఆయన గడప దాటడు. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి పెళ్ళికి వెళ్ళాలన్నా ముందు బస్టాండుకు పోయి, కోవిల్‌పట్టి నుంచి వచ్చిన బస్సును చేత్తో తడిమి చూసేవాడు. చేతికి తడి తగిలిందంటే కండక్టరు పని అయిపోయినట్టే.

"ఎక్కడ తడిసింది? సాత్తూరులోనా, కోవిల్‌పట్టిలోనా?"

"కడిగినామయ్యా బస్సు!"

మామ నమ్మేవాడు కాదు. గొడుగు, స్వెట్టరు, యూరియా సంచితో కుట్టించుకున్న ముసుగు, ఒకవేళ ఎండ కాస్తే అని విసనకర్ర, అన్నీ మోసుకొని పెళ్ళికి వచ్చేవాడు. "మనోళ్ళలో కాశీయాత్ర తంతు లేదే, ఈ పెళ్ళికొడుకు ఎవురు?" అని ఆడవాళ్ళు చెవులు కొరుక్కునేవారు.

పాపం, తప్పంతా ఆయనది కాదు. వెంబకోట్టై దగ్గర ఒక బాణసంచా ఫ్యాక్టరీలో ఎండబెట్టే కళ్ళానికి ఆయనే పెద్ద. వత్తులు, చిచ్చుబుడ్లు ఎండలో పరిచాక నాలుగు చినుకులు పడితే అందరి కష్టం నీళ్ళపాలు. ఆయన మబ్బు చూసి "ఎత్తండి" అంటే ఎత్తాలి, "పరవండి" అంటే పరవాలి. అలా ఏళ్ళ తరబడి పైకి చూసి చూసి మెడ అలాగే నిలిచిపోయింది. మా వీధిలో గుంత ఎక్కడుందో ఆయన కళ్ళకు తెలిసేది కాదు, కాళ్ళకు తెలిసేది.

పైగా ఆ ఫ్యాక్టరీకి సెలవులిచ్చేది దీపావళి అయ్యాకే. టపాసులన్నీ అమ్ముడుపోయాక కొన్ని వారాలు తలుపులు మూస్తారు. సరిగ్గా అప్పుడే మా వైపు ఐప్పసి నెల వానలు దిగుతాయి. వానంటే గిట్టని మనిషికి ఏడాదికి ఒక్కసారి దొరికే సెలవు వానాకాలంలోనే దొరికేది. దేవుడికి వేళాకోళం బాగా తెలుసు.

ఇక ఆయన భార్య తంగమ్మాళ్ అత్త సంగతి. వరసకు మాకు చుట్టం కాదు, ఎదురింటి మనిషి. సిలోన్ తేయాకు తోటల్లో పుట్టింది. తోట కూలీలను ఇండియాకు వెనక్కి పంపిన రోజుల్లో, చిన్నపిల్లగా అమ్మానాన్నలతో ఓడెక్కి రామేశ్వరం వచ్చింది. అప్పటికే పెళ్ళయిన అక్క మాయక్కాళ్ హట్టన్ దగ్గర తోటలోనే ఉండిపోయింది. మళ్ళీ అక్కాచెల్లెళ్ళు కలిసింది లేదు. కుళాయి దగ్గర బిందె పెట్టినప్పుడల్లా అత్తది ఒకటే మాట.

"ఈ దీపావళి కానీ. సిలోన్ పోతా ఉండాను. ఏరోప్లేన్‌లో!"

ప్రయాణం ఏర్పాట్లన్నీ నా ఎస్టీడీ బూత్‌లో జరిగేవి. మామ పాఠ్యపుస్తకంలోంచి చించిన సిలోన్ పటం బల్ల మీద పరిచేవాడు. నా గిరాకీ అంతా బయట నిలబడి ఉసూరుమనేది.

"సీనా, చిన్న దేశమని అందురూ మోసపోతారు. మామిడికాయంత ఉండాదే, దాన్లో ఊరికొక కాలం! కొళుంబులో పగలంతా ఉక్క, మద్యానం ఉరుములు. హట్టన్‌లో చలి. తిరుకోణమలైలో తుపాను. యాళ్పాణంలో మనూరి ఎండే."

"మీరు పొయ్యేది హట్టన్‌కే గదా మామా?"

"దేశానికి పోయినాక దేశమంతా చూడాల గదరా! నాలుగు దిక్కులా ఒకే నాడు ఎండ కాయాల. అప్పుడే టికెట్టు."

అలాంటి రోజు ఆ దేశం పుట్టాక ఒక్కటైనా వచ్చిందో లేదో నాకు తెలియదు. మామ మాత్రం చలికొక పెట్టె, వానకొక పెట్టె, ఎండకొక పెట్టె సర్దించేవాడు. ఆఖరున తోట పక్క అంగడికి ఫోను చేసి మాయక్కాళ్‌ను పిలిపించి మాట్లాడేవాడు. బూత్ తలుపు తెరిచి, చావు కబురు చెప్పినట్టు చెప్పేవాడు.

"ఆడ వాన."

అంతే, అత్త అందుకునేది. "ఈ మనిసిని కట్టుకొని నేను మా యక్క మొగం చూసినట్టే! వాన, వాన! ఆ వానలోనే కొట్టుకొని పోరాదా!" మామ గొడుగు పట్టుకొని ఆ తిట్లన్నీ విని, పెట్టెలు విప్పడానికి పోయేవాడు. వీధంతా అత్త పక్షమే, నేనైతే మరీను. ఏటేటా ఇదే తంతు. పిల్లలు ఆయనకు వాన చెల్లసామి అని పేరు పెట్టారు.

సిలోన్‌లో యుద్ధం ఆగిన సంవత్సరం వచ్చింది. ఆ ఏడు మా వైపు ఐప్పసి కూడా ఎండిపోయింది. ఈసారి తప్పదని వీధి తీర్మానించింది. పక్కింటి మునీశ్వరి మాయక్కాళ్ కోసం సాత్తూరు కారాసేవు కూడా తెచ్చి పెట్టింది. అందరూ బూత్ ముందు గుమిగూడారు. మామ లోపలికి వచ్చి ఫోను తీశాడు. నా ఫోను పాతబడి, ఆ ఏడే అవతలి గొంతు నా కుర్చీ దాకా వినబడసాగింది.

"ఈడ ఎండ దంచతా ఉండాది తమ్ముడా! తేయాకే వాడిపోతా ఉండాది. సీక్రం రండి!"

మామ నా కళ్ళల్లోకి చూస్తూనే, వీధికి వినబడేలా అరిచాడు. "ఏందీ? కొండ జారిందా? దోవ మూసేసినారా? అయ్యయ్యో!"

"ఎవురు జారినారు?" అన్నది మాయక్కాళ్.

మామ ఫోను పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"ఏం మనిసివి మామా! ఆ అత్త అక్క కోసం అల్లాడతా ఉంటే ఇంత అబద్దమా?"

ఆయన తాపీగా చొక్కా చెయ్యి మడిచాడు. మణికట్టు పైన గోళ్ళు దిగిన పాత మచ్చలు.

"పెళ్ళయిన కొత్తలో రామేశ్వరం పోతా ఉంటే, పాంబన్ వంతెన మీద మీ అత్త పట్టిన పట్టు ఇది. చిన్నప్పుడు ఓడలో వచ్చిన దినం సముద్రం ఎగిరెగిరి పడిందంట. ఆ బయం ఇంకా పోలేదు. ఏరోప్లేన్ అంటే చాలు, చేతులు చల్లబడిపోతాయి."

"అయితే బయమని చెప్పేస్తే పోతాది గదా?"

"ఎట్లా చెప్తాది? కూడబుట్టిన అక్క కంటే బయం పెద్దదా అని ఊరు అనదా? అది పోవాలంటానే ఉండాల, నేను వద్దంటానే ఉండాల. తిట్లంటావా? నేను వానకే తడవను, తిట్లకు తడస్తానా?"

నాకు నవ్వొచ్చింది. ఆ మెడ వంకర మనిషి మీద అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు. తలుపు తెరిచి నేనే చెప్పాను.

"ఆడ వాన!"

మునీశ్వరి కారాసేవు డబ్బా చంకన పెట్టుకొని వెళ్ళిపోయింది.

ఆ మరుసటి దీపావళికి మాయక్కాళే వచ్చింది. పాస్‌పోర్టు దగ్గర్నుంచి మామే ఫోనులో దగ్గరుండి నడిపించాడు. "ఐప్పసిలో ఈడ వాన గదా మామా?" అన్నాను. "పడనీ, గొడుగుండాదే" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

తిరుచ్చిలో విమానం దిగి, రైల్లో వచ్చింది ఆమె. విరుదునగర్ స్టేషన్‌కు సగం వీధి వెళ్ళింది. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు పట్టుకొని ఏడ్చారు, నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. అంతా చూసి మునీశ్వరి అడగనే అడిగింది.

"ఏం పెద్దమ్మా, మీ ఊర్లో ఏటేటా అంత వానా?"

మామ నా వైపు చూశాడు. నేను మామ వైపు చూశాను. అన్ని ఏర్పాట్లూ చేసి, ఆమెకు ఈ ఒక్క ముక్క చెప్పడం ఇద్దరమూ మరిచిపోయాం. తంగమ్మాళ్ అత్త ముఖం పాలిపోయింది, చెయ్యి పోయి మామ మణికట్టు పట్టుకుంది. సరిగ్గా పాత చోటే.

మాయక్కాళ్ ఆ చేతిని చూసింది. ఆనాడు రేవులో, రానంటే రానని ఏడుస్తున్న చెల్లెల్ని ఎత్తి ఓడలోకి అందించింది ఆమే.

"వానంటే వానా తల్లీ!" అన్నది తొణక్కుండా. "మనుసుల్ని కొట్టుకొని పోతాది. కొండే జారింది. అడగండి, మా తమ్ముడికి తెలుసు."

మామ గొడుగు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బయట ఎండ మండిపోతోంది.

మాయక్కాళ్ తిరుగు ప్రయాణానికి చలి పెట్టె ఆమెకే ఇచ్చేశారు. దాన్ని మోయడానికి నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి, అత్త మామ మణికట్టుకు కొబ్బరినూనె రాస్తోంది.

"వచ్చే దీపావళికి గూడా ఆడ వానేనా?" అని మెల్లిగా అడిగింది.

"వానే."

"నిజంగానా?"

"నాలుగు దిక్కులా."

"అయితే అక్కను మళ్ళా రమ్మని ఇప్పుడే చెప్పాల" అన్నది అత్త. నూనె చెయ్యి కొంగుకు తుడుచుకొని, కిటికీ వైపు తిరిగి, కుళాయి దాకా వినబడేంత గట్టిగా అందుకుంది.

"ఈ మనిసిని కట్టుకొని నేను సిలోన్ చూసినట్టే!"