బ్రేకమ్మ ఆడిన బంగళా ఆట

ఆమె కారు డ్రైవింగ్ నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో ఆమె కోసం ఇంకో బ్రేకు ఉంటుంది. ఎదురుగా పిల్లి కనబడినా, రోడ్డు మీద కాయితం ఎగిరినా ఆ బ్రేకు మీద కాలు పడాల్సిందే. అందుకే శిష్యులంతా చాటుగా బ్రేకమ్మ అని పిలుచుకుంటారు. ఆ పేరు ఆమె చెవిన పడింది కూడా. కోపం రాకపోగా లోలోపల మురిసిపోయింది. అంత జాగ్రత్త మనిషి ఒకరోజు తన ఇంటి మెట్ల మీదే జారి మడమ విరగ్గొట్టుకుంది.

కాలికి కట్టు వేసి కదలొద్దన్నారు. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాని పని. చూడటానికొచ్చిన మేనకోడలు జాలిపడి ఫోన్‌లో ఒక ఆట ఎక్కించింది.

"ఇది పాతకాలపు దయ్యాల నవలత్తా, ఆటగా చేశారు. బొమ్మలొస్తాయి, కింద మాటలొస్తాయి. చదువుతూ నొక్కుకుంటూ పోవడమే. మధ్యమధ్యలో ఏం చెయ్యాలని నిన్నే అడుగుతుంది."

ఆటలో, పాత చిత్రపటాలు బాగుచేసే ఒక పడుచుపిల్ల కొండ మీది బంగళాకు పనికి వస్తుంది. పైఅంతస్తులో చివరి గది వైపు వెళ్ళొద్దంటాడు యజమాని. ఆ గదిలోంచే ఏడుపు వినిపిస్తుంది. తలుపు తీస్తావా, వెళ్ళి పడుకుంటావా అని ఆట అడిగింది. పడుకుంటానంది బ్రేకమ్మ. ఇక్కడే ఉంటావా, ఇంటికి పోతావా అని అడిగింది. పోతానంది. పిల్ల గుర్రబ్బండి ఎక్కింది. సమాప్తం అని పడింది. పక్కన పెట్టుకున్న టీ ఇంకా చల్లారనే లేదు.

మేనకోడలికి ఫోన్ చేసింది. "అయిపోయిందే. బాగుంది. పిల్ల క్షేమంగా ఇల్లు చేరింది."

అవతల నవ్వు ఆగలేదు. "అది ఓడిపోయినట్టత్తా."

"క్షేమంగా ఇల్లు చేరితే ఓడిపోవడమేంటే?"

ఆమె భర్తది మంగలి దుకాణం, ఇంటి ముందుగదిలోనే. భోజనానికి లోపలికొచ్చి సంగతి విన్నాడు. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఏడ్చేదెవరో తెలుసుకోకుండా ఎలా వచ్చేశావ్?"

"మీకేం, వెళ్ళాల్సింది ఆ పిల్ల కదండీ."

ఆయన కడుపులో మాట దాగదు. సాయంత్రానికల్లా కథ దుకాణంలో అందరికీ తెలిసిపోయింది. మర్నాడు పక్కకొట్టు దర్జీ సబ్బు నురగ మొహంతోనే వాదనకు దిగాడు. లోపలున్నది దయ్యమే, తలుపు తీయాల్సిందే అన్నాడు. గడ్డం గీయించుకుని వెళ్ళినవాళ్ళు కూడా, గీయడానికేమీ లేకపోయినా మళ్ళీ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు.

పోరు పడలేక బ్రేకమ్మ చంకకర్రతో దుకాణంలోకి వచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. ఆట మొదటినుంచి పెట్టి, మాటలన్నీ పైకి చదివింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి భర్త కత్తెర ఆగిపోయింది. ఆమె కళ్ళు సగం మూసుకుని నొక్కింది.

గదిలో దయ్యం లేదు. నెరిసిన జుట్టు ముసలామె ఉంది. యజమానికి స్వయానా అక్క. ఆమె చచ్చిపోయిందని ఊరందరికీ చెప్పి, ఆస్తి కోసం లోపల పెట్టి బయట గొళ్ళెం వేశాడు.

"నేను ముందే అనుకున్నాను," అన్నాడు దర్జీ. ఎవరూ పట్టించుకోలేదు.

బ్రేకమ్మ మొహం ఎర్రబడింది. "తోడబుట్టినదాన్ని గదిలో వేసి గొళ్ళెం పెడతాడా వీడు?"

అక్కణ్ణుంచి ఆమె వెనక్కి తగ్గలేదు. దొడ్డిగేటు తాళంచెవులు దొంగిలించింది. ముసలామె చెయ్యి పట్టుకుని దొడ్డిదారిన గుర్రబ్బండి ఎక్కించింది. పగ్గాలు తానే పట్టింది. కానీ వంతెన దగ్గర మలుపులో అలవాటు పోక పగ్గాలు బిగించింది. వెంటపడి వచ్చిన యజమాని పట్టేసుకున్నాడు. దుకాణమంతా గొల్లుమంది. "ఇప్పుడు కూడా బ్రేకేనా?" అన్నాడు భర్త. ఆమె కూడా నవ్వి, మళ్ళీ ఆ మలుపు దగ్గర్నుంచే మొదలుపెట్టింది. ఈసారి పగ్గాలు వదిలింది. బండి వంతెన దాటింది.

ఆ తర్వాత అడిగినవాటికి ఒంటరిగా జవాబు చెప్పలేదు. బెంచీ మీద ఎవరేమంటారో విని, తనకు నచ్చిందే నొక్కింది. యజమాని కాళ్ళబేరానికొచ్చి ఆ పిల్లను పెళ్ళి చేసుకుంటానన్నప్పుడు మాత్రం ఎవరినీ అడగలేదు.

సాయంత్రం, ఆమె ఇంకా దుకాణంలోనే ఉండగా మేనకోడలు ఫోన్ చేసింది. "ఈసారి ఏమైందత్తా?"

"వాణ్ణి పోలీసులకు పట్టించాం. బంగళా పెద్దావిడకే వచ్చింది. కిటికీలన్నీ తీయించాం. మన పిల్ల అక్కడే పటాలు బాగుచేసుకుంటోంది."

"నేనెన్నిసార్లు ఆడినా ఆ ముగింపు రాలేదత్తా. ఎక్కడెక్కడ ఏం నొక్కావో చెప్పవా?"

"నాకేం గుర్తుంటుందే? ఉండు, వీళ్ళనే అడుగు," అని ఫోను స్పీకరులో పెట్టి అద్దం ముందు బల్ల మీద ఉంచింది. భర్త, దర్జీ, బెంచీ మీదివాళ్ళు ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు.