బాబాయి గింజ

నా చిన్నప్పుడు, కువైట్‌లో ఎవరైనా మా తాతగారి పేరు అడిగితే మేం ముందు అమ్మ మొహం చూసేవాళ్లం. అక్కడ తండ్రి పేరూ తాత పేరూ అడిగేది ఆఫీసుల వాళ్లే. అడిగారంటే ఏదో కాగితం మీదికి ఎక్కుతున్నామన్నమాట. అందుకే మిర్కాబ్‌లో మా పై వాటాలోకి దిగిన అమెరికా ఆంటీ, మెట్ల మీద కనబడ్డప్పుడల్లా మీ తాతలెవరు, మీ నాన్నకి ఎంతమంది అన్నదమ్ములు అని ఆరా తీస్తుంటే మా ఇంట్లో గుబులు పట్టుకుంది.

ఆ గుబులుకి కారణం మా వెనక గదిలో ఉంది. నాన్న తమ్ముడు, మా బాబాయి, దజీజ్‌లో ఒక గోదాములో పనికి వచ్చాడు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, చెయ్యి చేసుకుంటే ఎదురు తిరిగి బయటికి వచ్చేశాడు. కఫీలేమో మనిషి పారిపోయాడని ఫిర్యాదు ఇచ్చాడు. ఇక ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం ఖలాస్. దొరికితే బాబాయికి జైలు, దాచినందుకు నాన్న ఉద్యోగానికి ఎసరు. కిటికీ దగ్గరికి రాకుండా, గట్టిగా తుమ్మకుండా ఆ గదిలోనే ఉండేవాడు. నాతో అష్టాచెమ్మా ఆడి కావాలనే ఓడిపోయేవాడు. అమ్మ మాకు నేర్పిన పాఠం ఒక్కటే. "నాన్నకి తమ్ముళ్లెవరూ లేరు. నిద్రలో లేపి అడిగినా అదే చెప్పాలి, తెలిసిందా?"

అమ్మ అనుమానానికి అంతు లేదు. ఆంటీ కేకు పంపితే దాన్ని మధ్యకి కోసి చూసింది, లోపల ఏం దొరుకుతుందనుకుందో మరి. ఆవిడ భర్తకి పోలీసులతో స్నేహముందేమో కనుక్కోమని నాన్నని సతాయించింది. నేనూ తక్కువేం తినలేదు. ఆవిడ చెప్పుల చప్పుడు మా గుమ్మం ముందు ఆగిందంటే బల్ల కిందికి దూరేదాన్ని.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అమ్మ లేదు. లోపల బాబాయి ఉన్నాడు కానీ తలుపు తీయకూడదు. మెట్ల మీద కూర్చున్న నన్ను చూసి ఆంటీ పైకి రమ్మంది. రానంటే ఇంకా అనుమానం వస్తుందని వెళ్లాను. పాలు ఇచ్చి, బల్ల మీద గుప్పెడు ఎండు మొక్కజొన్న గింజలు పోసింది. వాళ్లది అమెరికాలో ఒక పల్లెటూరి రైతు కుటుంబమట. పిల్లలకి చుట్టరికాలు ఇలాగే నేర్పేవారట, వంటింటి బల్ల మీద, సొంత పొలంలో పండిన గింజలతో. పైన ముత్తాత, కింద ఆయన పిల్లలు, ఆ కింద వాళ్ల పిల్లలు. చకచకా పేర్చేసింది గానీ, తన తాత పక్కన ఒక గింజ పట్టేంత జాగా వదిలేసింది. మిగిలినవి నా వైపు తోసి, మీ వాళ్లని పేర్చమంది.

తాతయ్యని పెట్టాను, నానమ్మని పెట్టాను, కింద నాన్ననీ అత్తనీ పెట్టాను. అత్త పక్కన నా వేలు కాస్త ఎక్కువసేపు ఆగినట్టుంది. ఆంటీ చూసింది.

తన వరసలో ఖాళీ జాగా మీద వేలు పెట్టి, ఇక్కడ తాత వాళ్ల అన్న ఉండాలి అంది. ఆయన యుద్ధానికి వెళ్లనని పారిపోయి వచ్చి, కొన్నాళ్లు వాళ్ల పశువుల కొట్టంలోనే దాక్కున్నాడట. ఎవరడిగినా అలాంటి మనిషి లేడని చెప్పమని పిల్లలకి నేర్పారట. తర్వాత ఆయన ఎటో వెళ్లిపోయాడు. భయం తీరిపోయినా ఆ మాట మాత్రం ఎవరూ మార్చలేదు. ఆ పిల్లలు పెద్దవాళ్లయి తమ పిల్లలకీ అదే చెప్పారు. పోయే ముందు ఆంటీ మేనత్త, మాకో పెదనాన్న ఉండేవాడే అని, పేరు ఎంతకీ గుర్తురాక ఏడ్చిందట. అప్పటినుంచీ ఎవరు కనబడినా వాళ్ల మనుషుల గురించి అడగడం ఆంటీకి అలవాటయిపోయింది.

ఒక గింజ తీసి నా గుప్పిట్లో పెట్టి మూసింది. "ఎవరిదో నాకు చెప్పకు. నువ్వు మాత్రం మర్చిపోకు" అంది. నాకు ఏడుపొచ్చింది. ఇది కూడా ఒక ఎత్తేమో అనుకుంటూనే కిందికి దిగాను.

అమ్మ వచ్చి తలుపు తీయగానే వెళ్లి ఆ గింజ బాబాయి చేతిలో పెట్టాను. "ఇది నువ్వు" అంటే నవ్వాడు. సంగతంతా చెప్పాక గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పోలీసులు వస్తారని అమ్మ ఆయన సంచి సర్దేసింది. ఎవరూ రాలేదు. ఆంటీ కేకులు వస్తూనే ఉన్నాయి, అమ్మ కోసి చూస్తూనే ఉంది. కొన్నాళ్లకి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తే బాబాయి ఊరికి వెళ్లిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. ఇప్పుడు ఆయన లేడు.

నేను కువైట్‌లోనే, సబా అల్ సలేంలో కూతురి దగ్గర ఉంటున్నాను. ఈ వయసులోనూ కొత్తవాళ్లు వివరాలు అడిగితే నాకు అనుమానమే, మా అల్లుడు నవ్వుకుంటాడు. కానీ మనవలకి చుట్టరికాలు చెప్పడానికి గింజలు పేర్చేటప్పుడు, నాన్న కంటే ముందు బాబాయిని పెడతాను. మా చిన్న మనవరాలు ప్రతిసారీ అడుగుతుంది, "ఈ ముత్తాతకి కింద ఎవ్వరూ లేరేం అమ్మమ్మా?" అని.

"నేనున్నానుగా" అని నా గింజని ఆ కిందికి జరుపుతాను.