పెళ్లిచీర పడుగు మీద ఆ పిల్ల చెయ్యి

మా ధర్మవరం వీధికి జాలి ఎక్కువ. బెంగళూరులో ఇంటిపని ఇప్పిస్తామని మా వీధి పదమూడేళ్ల పిల్లను హిందూపురంలో రైలెక్కించి ఎవరికో అమ్మేశారు. మూడేళ్ల తర్వాత ఆ పిల్ల వాళ్లవ్వ దగ్గరికి తిరిగొస్తే వీధి వీధంతా చూడటానికి వెళ్లింది. నేనూ వెళ్లాను. అరటిపళ్లు చేతిలో పెట్టి, ఎగాదిగా చూసి, "మనసులో ఏం పెట్టుకోవద్దు, అన్నీ చెప్పుకో" అన్నాం. ఆ పిల్ల ఏమీ చెప్పలేదు. అరటిపళ్లు దండగయ్యాయని పక్కింటావిడ దారిపొడుగునా గొణిగింది.

తర్వాత ఇలాంటి పిల్లల్ని ఆదుకునే సంఘంవాళ్లు పెనుకొండలో సభ పెట్టారు. పిల్లెవరో ఎవరికీ తెలియకూడదట. అందుకని ముఖానికి చున్నీ చుట్టి వేదిక ఎక్కించారు. ఆ వెంటనే పక్కన నిలబడటానికి వాళ్లవ్వను ఇంటిపేరుతో సహా మైకులో పిలిచారు. గుట్టు కాపాడితే అలా కాపాడాలి! కుట్టుమిషన్ ఇచ్చి, ఒకరికొకరు దండలు వేసుకుని ఫొటోలు దిగారు. మగ్గాల వీధి పిల్లకు కుట్టుమిషన్ ఎందుకని ఎవరూ అడగలేదు. అవ్వ దాని మీద బియ్యం డబ్బా పెట్టుకుంది.

ఆ పిల్లకు కావలసింది మగ్గం పని. వాళ్లమ్మ బతికుండగా నేర్పిన విద్య ఒకటుంది. మగ్గం మీద నిలువుపోగుల పాత పడుగు అయిపోవస్తే, దాని చివరి పోగులకు కొత్త పడుగు పోగుల్ని బూడిద అద్దిన వేళ్లతో ఒక్కొక్కటే మెలివేసి అతకాలి. వేల పోగులు. ఆ పిల్ల అంత సన్నగా అతికేవాళ్లు మా వీధిలో నలుగురు కూడా లేరు. అయినా ఎవరూ పిలవలేదు. "పాపం, అలసిపోయుంటుంది" అన్నాం. ఏడాదిపాటు అలసిపోయే ఉందనుకున్నాం.

చివరికి మా అత్త పిలిచింది. పిల్ల వచ్చి పోగులు పట్టుకుందో లేదో, మాకు పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు దిగబడ్డాడు.

"ఏమ్మా, ఇది పెండ్లిచీర. ఆ పిల్లతో చెయ్యి పెట్టిస్తాండావే?"

పట్టుదారం కండెలకు చుడుతున్న అత్త తల కూడా ఎత్తలేదు. "ఏమప్పా, నా మొగుడు పోయి ఇరవై ఏండ్లాయ. అప్పట్నించి నీకు నేసిచ్చిందంతా పెండ్లిచీరలే. పెండ్లికాడ మాత్రం నన్ను యెనకాల కూసోబెడతారు. నా చెయ్యి యాడ పనికొస్తాదో, యాడ పనికిరాదో రాసియ్యి, గోడకంటించుకుంటా. ఆ పిల్ల ఏం తప్పు జేసినాదో అదీ రాయి."

షావుకారు రాయలేదు. "కానీండి" అని వెళ్లిపోయాడు. ఆయన మనసు మారిందని నేననను. ఆ చీర అందాల్సిన పెళ్లి ముహూర్తం దగ్గరపడింది, అంతే.

వారం తిరక్కుండా ఆ పిల్లకు మూడిళ్ల నుంచి పిలుపు వచ్చింది. మొదట్నుంచీ తాము ఆ పిల్ల పక్షమేనని మూడిళ్లవాళ్లూ చెప్పుకున్నారు. నాకు నవ్వూ వచ్చింది, కడుపూ నిండింది. మా వీధికి బుద్ధి ఇలాగే, ఆలస్యంగా, సిగ్గులేకుండా వస్తుంది. రానీ.

మొన్న మా ఇంట్లో పని ముగించి చేతులు కడుక్కుంటూ ఆ పిల్ల అడిగింది: "అక్కా, మీ పాపను పంపియ్యి. అతికేది నేర్పిస్తా."

మా పాప ఎనిమిదో తరగతి. వీధినంతా వెక్కిరించే నేను "సరే" అనేముందు వీధి తలుపు వైపు చూశాను. ఒక్కసారే. ఆ చూపు ఆ పిల్ల కంట పడింది.

"యాడికీ తీస్కపోన్లే అక్కా. ఈడ్నే, నీ కండ్ల ముందరే."

సిగ్గుతో నాకు తల కొట్టేసినట్లయింది. పాపను కేకేసి, ఆ పిల్ల పక్కన కూర్చోబెట్టి, నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.